రసమట్టం మేస్త్రి కట్టిన పడక

ఆయన్ని అందరూ రసమట్టం మేస్త్రి అనేవారు. సొంత పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వడ్రంగంలో అలమారలు, గుమ్మాలు, వంటింటి గట్లు చేసి చేసి కాయలు కాసిన చేతులు. అందరూ పెన్ను పెట్టుకునే చొక్కా జేబులో ఆయన బెత్తెడు రసమట్టం పెట్టుకునేవాడు. ఎవరింటికైనా వెళ్తే, టీ ముట్టుకోకముందే ఆ టీ పెట్టిన బల్ల మీద దాన్ని ఆనించి చూసేవాడు. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడుమన నిలబడకపోతే, చావుకబురు విన్నవాడిలా నిట్టూర్చేవాడు. అలాంటి మనిషిని రెండోసారి టీకి ఎవరు పిలుస్తారు? ఆ చాదస్తాన్ని జీవితాంతం నవ్వుతూ భరించింది ఆయన భార్య ఒక్కతే.

ఆమె సరంగు కూతురు. చిన్నప్పుడు సెలవులన్నీ తండ్రి తెరచాప పడవలోనే గడిచాయి. చెవి పక్కనే, చెక్కకి అవతల నీళ్ళు గలగలమంటుంటే నిద్రపోవడం ఆమెకి అలవాటు. తండ్రి పోయాక పడవ ఆమెకే వచ్చింది గానీ, దాన్ని ఒడ్డున యార్డులో దుంగల మీదకి ఎక్కించి అలాగే వదిలేశారు. మేస్త్రికి నీళ్ళంటే భయం. అయితే ఆ సంగతి పైకి చెప్పకుండా, పనులతో తీరిక లేదనేవాడు. ఇంతలో ఆమె ఊపిరితిత్తులు చెడ్డాయి. నాలుగు మెట్లెక్కితే చాలు, ఆయాసం. ఇక బాగయ్యే జబ్బు కాదని డాక్టరు ఆయనకి విడిగా చెప్పాడు. ఆమెకి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

"ఒక్క రాత్రి నాన్న పడవలో పడుకోవాలనుందండీ," అంది. "నీళ్ళ మీదండోయ్, దుంగల మీద కాదు."

మర్నాడే మేస్త్రి పనిముట్లతో పడవలో దిగాడు. పడవ లోపలి చిన్న గదిలో నిటారుగా నిలబడ్డానికి లేదు. ప్లైవుడ్ తడిసి అట్టలా పొరలు పొరలుగా ఊడొస్తోంది. పరుపు నిండా బూజు. అన్నీ పీకి బయట పడేసి, పడవ పక్కటెముకలు కనబడేదాకా ఖాళీ చేశాడు. అప్పుడు తెలిసొచ్చింది, అందులో తిన్నని గోడ ఒక్కటీ లేదని. ప్రతి పలకకీ ముందు అట్టముక్క కత్తిరించి, ఆ వంపుకి సరిపెట్టి, అప్పుడు చెక్క కోయాలి. దిగితేగానీ లోతు తెలియదని ఊరికే అన్నారా! మొదటి అలమారని అలవాటు కొద్దీ బయటే బిగించి, నున్నగా చిత్రిక పట్టి తీసుకొచ్చాడు. అది పడవ గదిలోకి దిగే ఇరుకు ద్వారంలో పట్టలేదు. సంగతి విని ఆమె నవ్వి నవ్వి దగ్గులో పడింది.

పడక కోసం ఆమెని ఇంట్లో ప్లైవుడ్ పలక మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీశాడు.

"బతికుండగానే కొలతలు తీస్తున్నారేమిటి?" అంది.

"నోర్ముయ్యి. కదలకు," అన్నాడు. ఆ పక్క గీత చెరిపి మళ్ళీ గీశాడు.

తల ఎత్తుగా ఉండకపోతే ఆమెకి ఊపిరాడదు. అందుకని పడవ ముక్కు వైపు తల వచ్చేటట్టు, అక్కడ ఏటవాలుగా చెక్క బిగించాడు. కాళ్ళు స్టవ్ గట్టు కింది అరలోకి వెళ్తాయి. ఆ పని మొదలుపెట్టేటప్పుడే ఆమె చెప్పింది.

"దుంగల మీద పడవ ముక్కు పైకెత్తి ఉందండీ, వాననీళ్ళు నిలవకుండా. పడవ పొట్ట మీద, నీళ్ళు తగిలేచోట, పాత నీటి గీత కనిపిస్తుంది చూడండి. దాన్నిబట్టి కొలవండి. నాన్న అలాగే చేసేవాడు."

"బుడగ అబద్ధం చెప్పదే," అన్నాడు మేస్త్రి. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

పడవని నీళ్ళలో దించిన రోజు మబ్బు పట్టి ఉంది. క్రేన్ ఆపరేటర్ మెల్లగా దించాడు. మేస్త్రి భయాన్ని దిగమింగి, ఆమెని చేతుల మీద ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి పడక మీద పడుకోబెట్టాడు. గట్టు మీది పెన్సిలు దొర్లి, ముక్కు వైపు పోయి కింద పడింది. దుంగల మీద పైకెత్తి ఉన్న పడవ ముక్కు నీళ్ళమీదికొచ్చాక కిందికి వంగింది. ఆయన మట్టంగా బిగించినవన్నీ దానితోపాటే వంగాయి. ఆమె తల కిందికి దిగింది. దగ్గు వచ్చింది. మేస్త్రి జేబులోంచి రసమట్టం తీసి పెట్టి చూశాడు. బుడగ ఒక పక్కకి పోయి నక్కింది.

"రెండు దిండ్లు పెట్టండి, చాలు," అందామె.

"దిండ్లా! నేను కట్టిన పడకకి దిండ్లా! పైకి తీయించి సరిచేస్తాను. కొద్దిరోజుల పని."

"నాకు వంకరేం తెలియడం లేదండీ. నీళ్ళు వినిపిస్తున్నాయి, అంతే. ఈ రాత్రికి ఉండనివ్వండి."

"ఊగేచోట ఉలి నిలవదు. నా మాట విను."

ఈ చోట ఆయన్ని భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది. కానీ కుదిపేవాళ్ళెవరూ అక్కడ లేరు. ఆమె పడక మీదే పక్కకి తిరిగింది. చెక్క గోడకి చెవి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంది. ఆపాటికే ఆయన పైకెళ్ళి క్రేన్ ఆపరేటర్ని కేకేస్తున్నాడు.

ఈసారి నీటి గీత నుంచే కొలిచాడు. పడకా, గట్టూ, అలమారా అన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. పని సగంలో ఉండగానే ఆమెని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. జుట్టునిండా రంపప్పొట్టుతో వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు.

"అయిందా?" అనేది.

"ఇంకొక్క పలక," అనేవాడు.

కొన్నాళ్ళకి అడగడం మానేసింది. కిటికీ వైపు తిరిగి పడుకునేది. ఆయన పడకకి వార్నిష్ రెండో పూత వేస్తున్న మధ్యాహ్నం కబురొచ్చింది. చేతిలో కుంచె అలాగే ఉండగా ఆసుపత్రికి పరుగెత్తాడు. ఏడుపు వెంటనే రాలేదు. ముందు తనమీద తనకే అసహ్యం వేసింది, ఏడుపు దాని వెనకాల వచ్చింది.

ఎన్నాళ్ళకో పడవని మళ్ళీ దించారు. క్రేన్ ఆపరేటర్ లోపలికి దిగి పడక మీద పెన్సిలు పెట్టి చూశాడు. అది కదల్లేదు.

"ఎంత మట్టంగా కుదిరింది మేస్త్రిగారూ! మీ చేతికి దణ్ణం పెట్టాలి."

మేస్త్రి కూడా లోపలికి దిగాడు. ఆయన చొక్కా జేబు ఖాళీగా ఉంది. చంకలో, ఇంటి నుంచి తెచ్చిన రెండు దిండ్లున్నాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పడక తలవైపు పెట్టి, అరచేత్తో సర్దాడు.

"ఇంత మట్టమైన పడకకి రెండు దిండ్లెందుకండీ?"

"మా ఆవిడ అడిగింది," అన్నాడు మేస్త్రి.