కొబ్బరి చెట్ల కింద ముగ్గు గీత

ఆ సోమవారం పొద్దున్న ఆరున్నరకి నాకు ముందు వచ్చింది చావు కబురు కాదు, ఫిర్యాదు. పార్కు గేటు ఇంకా తియ్యలేదని, వయసు మళ్లినవాళ్లంతా రోడ్డు మీద నిలబడిపోయారని, మున్సిపాలిటీ వాళ్లకి ఇంత నిర్లక్ష్యమైతే ఎలాగని వాకర్ల తరఫున ఒకాయన ఫోన్ చేసి కేకలేశారు. నేను వెంటనే వాచ్‌మన్ గారి నంబరుకి చేశాను. వాళ్ల ఆవిడ ఎత్తారు. "మీ బాబాయిగారు లేరమ్మా. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నిజం చెబుతున్నాను, ఆ మాట విన్నాక నాకు ముందు ఏడుపు రాలేదు. ఇవాళ గీత ఎవరు గీస్తారు అన్న భయం వచ్చింది. ఏడుపు ఆ తర్వాత, స్కూటర్ తాళం కోసం వెతుకుతుంటే వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆయన మాత్రం నన్ను తప్పు పట్టరు.

నేను మా పట్టణం మున్సిపల్ ఆఫీసులో పార్కుల ఫైళ్లు చూస్తాను. ఏ పార్కులో ఊయల గొలుసు తెగింది, ఎక్కడ లైటు పగలగొట్టారు, మైదానం ఏ రోజు ఎవరికివ్వాలి, ఇదే నా ఉద్యోగం. పుట్టుకతోనే భయస్తురాలిని. గ్యాస్ కట్టానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఈ పార్కు అప్పజెప్పారు. పేరుకు పార్కు గానీ అది నిండుగా కాపున్న కొబ్బరి తోట. వేరే ఊళ్లో అయితే ముందు చెట్లు కొట్టేసి తర్వాత మైదానం వేస్తారు. కాయలు కాసే చెట్టు మీద గొడ్డలి పెట్టడానికి మా కోనసీమలో ఎవరికీ చేతులు రావు. అందుకని మధ్యలో ఉన్న ఖాళీలో క్రికెట్ మైదానం, ఒక పక్క వాలీబాల్ కోర్టు, ఇంకో పక్క పిల్లల ఊయలలు, వీటన్నిటి చుట్టూ నడకదారి, నడకదారి పొడవునా చెట్లు. చూసినవాళ్లంతా ఎంత చల్లగా ఉందో అంటారు. నేను ఏనాడూ అలా అనలేకపోయాను. నా కళ్లకు ఆ గెలలన్నీ జనం నెత్తుల మీద వేలాడుతూ కనిపించేవి.

రెండు నెలలకోసారి కాయల దింపు తీయించాలని కాంట్రాక్టు కాగితంలో ఉంది. ధర లేదని కాంట్రాక్టరు వాయిదా వేస్తూ పోతాడు. కాయలు చెట్టు మీదే ఎండిపోతాయి. అవి ఎప్పుడు రాలతాయో, ఏ మట్ట ఎప్పుడు ఊడుతుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. మా వాచ్‌మన్ గారికి మాత్రం తెలుసు. ఆయనది ఆలమూరు దగ్గర పల్లె. కాళ్లకు బంధం వేసుకుని ముప్ఫై ఏళ్లపాటు దింపులు తీసిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాక కిందకి దిగి మా పార్కులో పనికి కుదిరారు. అందరూ బాబాయిగారనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను.

ఆయన పద్ధతి ఒకటుండేది. పొద్దున్నే గేటు తీసేముందు ముగ్గు సంచీ చంకన పెట్టుకుని మైదానం చుట్టూ తిరిగి గీత గీసేవారు. ఆ గీతే క్రికెట్ కుర్రాళ్లకు బౌండరీ, అమ్మలకు పిల్లల్ని ఆడించే హద్దు, నడిచేవాళ్లకు ఆ పూట దారి. అది ఏ రెండు రోజులూ ఒక చోట ఉండేది కాదు. ఒక చెట్టు దగ్గర ఎండు మట్ట వేలాడుతుంటే అక్కడ గీత లోపలికి వచ్చేసేది. మట్ట రాలిపోయాక మళ్లీ బయటికి జరిగేది. ఎలుక కొట్టిన కాయలున్న చెట్టు, కొమ్ము పురుగు మొవ్వు తొలిచిన చెట్టు, అన్నీ ఆయన లెక్కలో ఉండేవి. పైనుంచి చూస్తే ఆ గీత చిన్నపిల్లలు గీసిన దోసకాయలా వంకరటింకరగా ఉండేదేమో. శనివారాలు మాత్రం ఆయనకి కాస్త తెరిపి. సగం మంది వాకర్లు వాడపల్లి గుడికి వెళ్లిపోయేవారు కదా, ఆ ఖాళీలో వెదురు గడకి కత్తి కట్టి అందినంతవరకు ఎండు మట్టలు లాగేసేవారు.

కుర్రాళ్లకి ఆ గీతంటే మంట. నిన్న సిక్సర్ అయిన చోట ఇవాళ బౌండరీ ఏమిటని దెబ్బలాడేవారు. కొందరు సాయంత్రం వెళుతూ వెళుతూ చెప్పుకాళ్లతో చెరిపేసి పోయేవారు. ఒకసారి నేను కోపం పట్టలేక, ఎవరో కనిపెట్టి పేర్లు రాసివ్వండి, పోలీసులకి చెబుదాం అన్నాను. ఆయన ముగ్గు చేతులు దులుపుకుంటూ, "తుడిచినోళ్లకి గీత ఎక్కడుందో తెలిసినట్టేనండీ. తెలియనోళ్లతోనే నాకు భయం" అన్నారు.

బెంచీల సంగతీ అంతే. ఎవరో సిమెంటు బెంచీని రెండు ముక్కలు చేసిపోయారు. వెంటనే తీయించి కొత్తది వేయిస్తానంటే వద్దన్నారు. పదునుగా ఉన్న ఇనప చువ్వల్ని మాత్రం సుత్తితో వంచేసి, ముక్కల్ని అక్కడే వదిలేశారు. "ఇరగ్గొట్టినోళ్లు కూర్చోడానికి రేపు ఇక్కడికే రావాలండీ. నిలబడనివ్వండి నాలుగు రోజులు" అన్నారు. ఆ నాలుగు రోజులూ ఆఫీసుకి వచ్చిన ఫిర్యాదులన్నిటికీ జవాబు చెప్పుకున్నది నేను. మనసులో ఆయన్ని తిట్టుకున్నాను కూడా. వారం తిరిగాక వాలీబాల్ ఆడే జట్టులోంచి ఇద్దరు వచ్చి, బెంచీ మేమే వేయిస్తామండీ అని నేల చూపులు చూస్తూ అడిగారు.

ఇక నేను చెప్పుకోవలసిన సంగతి. మూడేళ్ల కిందట వేసవిలో టోర్నమెంటు జరిగింది. నిర్వాహకుడు ఒక యువకుడు, చాలా మర్యాదస్తుడు. ఫైనల్ మ్యాచ్‌కి బయటి ఊళ్ల జట్లు వస్తున్నాయని, ఈ ముగ్గు గీత చూస్తే నవ్వుతారని, ఆ ఒక్కరోజుకీ మైదానం మొత్తం వాడుకోనివ్వమని అర్జీ పెట్టాడు. తూర్పు వైపు ఒక చెట్టు దగ్గర గీత అప్పటికి పది పన్నెండు అడుగులు లోపలికి వచ్చేసి ఉంది. నేను వెళ్లి చూశాను. ఆ చెట్టు నాకు పచ్చగా, బాగానే కనిపించింది. సంతకం పెట్టేశాను. వాచ్‌మన్ గారికి కాగితం చూపిస్తే చదువుకుని, "ఆయ్, మీ ఇష్టమండీ" అన్నారు. ఆయన వాదించి ఉంటే నేను వెనక్కి తగ్గేదాన్నేమో. నా తప్పుని ఆయన మీదికి తోసే ఈ ఆలోచన ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, వచ్చిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మ్యాచ్ రోజున ఎండ మండిపోతోంది. జనమంతా నీడ కోసం తూర్పు చెట్ల కిందకి చేరుతున్నారు. ఆ ఒక్క చెట్టు కింద మాత్రం ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరైనా వచ్చి కూర్చోబోతే, చీమలున్నాయండీ, అటు పక్కకెళ్లండి అని నవ్వుతూ పంపించేస్తున్నారు. ఫీల్డింగ్ చేసే కుర్రాడు బంతి కోసం అటు వస్తే తనే ముందు పరిగెత్తి బంతి అందించేవారు. నేను వీఐపీల కుర్చీల దగ్గర మజ్జిగ గ్లాసుతో కూర్చుని, ఈయనకి క్రికెట్ మీద ఇంత ఆసక్తి ఎప్పుడు పుట్టిందా అనుకున్నాను. రెండో ఇన్నింగ్స్ సగంలో ఉండగా పెళపెళమని చప్పుడైంది. మట్టతో పాటు ఎండిన గెల మొత్తం ఊడి వచ్చింది. ఆయన తల తప్పింది గానీ కుడి భుజం నలిగిపోయింది.

ఆసుపత్రిలో నేను మంచం పక్కన నిలబడి ఏడుస్తుంటే ఆయన అడిగిన మొదటి మాట, "పిచ్‌కి నీళ్లు పెట్టే కుళాయి కట్టేసేరాండీ?" అని. కట్టేశారో లేదో నాకు తెలియదు. కట్టేశారని చెప్పాను. అప్పుడు కళ్లు మూసుకున్నారు.

మర్నాడు ప్రమాదం మీద రిపోర్టు రాయాల్సి వచ్చింది. రాసింది నేనే. "బలమైన గాలి వీచినందున" అని రాశాను. ఆ మాట ఉంటే అనుమతి ఇచ్చినవాళ్ల మీదికి రాదు. సంతకం కోసం ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన నెమ్మదిగా చదివే మనిషి, ఒక్కో మాట మీద వేలు పెట్టి చదువుతారు. గాలి అన్న మాట దగ్గర వేలు ఆగింది. నా వైపు చూశారు. తర్వాత ఎడమ చేత్తో వంకరగా సంతకం పెట్టిచ్చారు. ఆ రోజు గాలి లేదు. ఆకు కూడా కదల్లేదు. ఈ ముక్క ఆయన బతికుండగానే ఎక్కడో ఒకచోట రాయవలసింది.

భుజం కట్టు విప్పాక ఆయన మళ్లీ పనిలోకి వచ్చారు. కుడి చెయ్యి చెవి దాటి పైకి లేచేది కాదు. ముగ్గు ఎడమ చేత్తో వేసేవారు. ఒక రోజు గేటు దగ్గర ధైర్యం చేసి, నేనే తప్పు చేశాను బాబాయిగారూ అన్నాను. "మీరు కాయితం చూసేరండీ, నేను పైన చూసేను. రెండూ ఒక మనిషే చూస్తే బాగుండును. శుక్రవారం ఆఫీసయ్యాక ఓ అరగంట వస్తూండండి, అమ్మాయిగారూ" అన్నారు. క్షమించానని అనలేదు, కోపముందని కూడా అనలేదు. పని నేర్చుకోమన్నారు.

వెళ్లాను. ప్రతి శుక్రవారం వెళ్లానని చెబితే అబద్ధం. ఒక వారం మీటింగు, ఒక వారం వాన, ఒక వారం మా ఇంట్లో చుట్టాలు. వెళ్లిన రోజుల్లో చెట్టు కింద కాకుండా నాలుగు గజాలు ఇవతల నిలబెట్టి, ఈ చెట్టు సంగతి చెప్పండీ అని అడిగేవారు. నేను బాగానే ఉందనేదాన్ని. నవ్వేవారు. మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి, రాత్రి ఆ చెట్టు నుంచి రాలిన మట్టని నా స్కూటర్ నిలిపే చోట అడ్డంగా పెట్టి ఉంచేవారు. మట్ట మొదలు గోధుమరంగు తిరిగితే ఎన్నాళ్లుంటుందో, కాయ తొడిమ దగ్గర ఎలుక కొట్టిన గుర్తు ఎలా ఉంటుందో చెప్పేవారు. సగం తలకెక్కింది. సగం, మళ్లీ వారం అడుగుదాంలే అనుకున్నాను. నా భయం చూసి ఒకసారి, "భయం మంచిదేనండీ. కానీ దాన్ని ఏ చెట్టు మీద పెట్టాలో తెలియాలి" అన్నారు. నేను నా భయాన్ని ఎప్పుడూ అన్ని చెట్ల మీదా సమానంగా పంచి పెట్టేదాన్ని.

ఆ సోమవారం ఆయన దహనానికి ఆలమూరు వైపు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాను. పార్కు తెరవలేదు. ఆ తర్వాత రెండు రోజులు కూడా తాళం వేసి ఉంచాను. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే వచ్చే వారం మనుషుల్ని పంపిస్తానన్నాడు. అప్పటిదాకా మూసేస్తే ఎవరికీ ఏమీ కాదని నా ధీమా. బుధవారం సాయంత్రం కాలవ గట్టు మీంచి వస్తుంటే, ఇసుక ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీద పిల్లలు వికెట్లు పాతుకుని ఆడుతున్నారు. బంతి కాలవ అంచుకి పోతే ఒకడు చెప్పులు విప్పి దిగుతున్నాడు. స్కూటర్ ఆపి వాణ్ణి పైకి రమ్మని అరిచాను. ఆ రాత్రి నిద్రపోలేదు.

గురువారం మధ్యాహ్నం నేనే ముగ్గు సంచీ తీసుకుని పార్కులోకి వెళ్లాను. మొదటి చెట్టు కాసేపు చూశాను. బాగానే ఉన్నట్టుంది. ఆ 'బాగానే' నాకు తెలుసు, దాని మీద నమ్మకం లేదు. గీత నాలుగు అడుగులు లోపలికి తెచ్చాను. రెండో చెట్టులో ఒక మట్ట గోధుమరంగుగా ఉందో, ఎండకి అలా కనిపిస్తోందో తెలియలేదు. ఇంకా లోపలికి తెచ్చాను. చుట్టూ తిరిగి వచ్చేసరికి అంత పెద్ద మైదానంలో మధ్యన పెళ్లిపందిరంత చోటు మిగిలింది.

నాలుగున్నరకి గేటు తీశాను. టోర్నమెంటు నడిపిన ఆ యువకుడు ముందుగా వచ్చాడు. గీతని, నన్ను మార్చి మార్చి చూశాడు. "ఇంత లోపలికేంటండీ?" అని అడిగాడు.

"నాకు తెలియడం లేదండీ. ఆయనకి తెలిసినట్టు నాకు తెలియదు" అన్నాను. ఆఫీసులో ఇన్నేళ్లలో నేను ఎవరితోనూ ఆ మాట అనలేదు.

అతను వెళ్లి, తెచ్చుకున్న వికెట్లని గీత లోపల సరిపోయేలా దగ్గర దగ్గరగా పాతాడు. కార్కు బాలు జేబులో వేసుకుని ఎవరిదో రబ్బరు బంతి అడిగి తీసుకున్నాడు. వాలీబాల్ వాళ్లు వచ్చి, తమ కోర్టు గీతకి అవతల పడిందని చూసి, నెట్టు కట్టకుండానే లోపల ఒక మూల నిలబడి బంతి ఎగరేసుకున్నారు. వాకర్లు వచ్చారు. సోమవారం నా మీద కేకలేసిన పెద్దాయన గీత లోపలి అంచునే, ఒకరి వెనక ఒకరుగా, అందరినీ నడిపించారు. అమ్మలు చంటిపిల్లల్ని ఎత్తుకుని, ఎండ పొడ తగలకుండా నెత్తిన కొంగులు కప్పుకుని మధ్యలో కూర్చున్నారు. ఊరంతా ఆ కాస్త జాగాలో ఒకరినొకరు రాసుకుంటూ, చెమటలు కక్కుతూ, సర్దుకుంది. చుట్టూరా బోలెడంత చల్లటి నీడ, అందులో ఒక్క మనిషి లేడు. చీకటి పడేదాకా నేను గీత మీద నిలబడి పైకే చూశాను. ఆ సాయంత్రం ఒక్క కాయ కూడా రాలలేదు.