మా సావిడి ఊరిది కాదు

గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసిన తొలి ఏళ్లలో బరంపురంలో ఇళ్ల కొలతలు మళ్లీ మొదలయ్యాయి. నాకప్పుడు పదిహేనేళ్లు. నాన్న పోయాక అమ్మ పట్టుచీరలు నేసి నన్నూ చెల్లినీ పెంచేది. మగ్గం మా ఇంటి ముందుగదిలో ఉండేది. ఆ గదిని మా వైపు సావిడి అంటాం, రాతలో చావడి.

ఒకరోజు పొద్దున్నే కొలతల గుమాస్తా వచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మద్రాసు కాలం నాటి కొలువులోనే మిగిలిపోయిన తెలుగాయన. తాత రాయించిన దస్తావేజు చదివి తల అడ్డంగా ఊపాడు.

"ఇందులో చావడి అని ఉంది. చావడి అంటే కరణం కూర్చునే చోటు, ఊరి ఉమ్మడి స్థలం. మీరు ఆక్రమించుకున్నారు. మగ్గం తీసేయాలి."

పడుగులోకి పోగు దూర్చే నాడె అమ్మ చేతిలో ఆగిపోయింది. "ఏటి బాబూ, నానిక్కడే నేస్తాను, ఇక్కడే పడుకుంటాను. మా సావిడి ఊరిదెలాగ అయిపోనాది?"

"మాటకు అర్థం అదేనమ్మా. నిఘంటువు చూసుకోండి."

అక్షరం రాని మనిషితో నిఘంటువు చూసుకోమన్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. నలుగురు కూర్చునే చోటు చావడి. ఊళ్లో ఉంటే ఊరిది, ఇంట్లో ఉంటే ఇంటిది. శ్రీకాకుళం నుంచి మా వీధి దాకా ఎవరినడిగినా చెబుతారు. అదే చెప్పబోతే, "ఆడపిల్లవి, నువ్వూరుకో," అన్నాడు.

గొడవ విని పక్కింటి ఒడియా ఆవిడ వచ్చింది. ఆమెను మేం వాళ్ల మాటలోనే మావుసి, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. మాతో మాట్లాడే తెలుగులోనే అతన్ని నిలదీసింది. "మీ తెలుగు మీకే తెలీదేటి బాబూ? మేం దాండ ఘర అంటాం, ఈళ్లు సావిడంటారు. ఈదిని ఆనుకున్న గది. పెళ్లయొచ్చిన కాడ్నుంచీ సూస్తన్నాను."

అతను వినలేదు. ఉమ్మడి స్థలమనే రాసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు అమ్మ మావుసినీ నన్నూ వెంటబెట్టుకుని కచేరీకి నడిచింది. అక్కడి ఒడియా అధికారి మావుసి చెప్పింది విని, ఆ రాత కొట్టేసి, దాండ ఘర అని రాశాడు. నేను చదివి చెప్పాను.

"మరి సావిడని రాయలేదేటి?" అంది అమ్మ.

"ఆ మాట రాస్తే మళ్లీ తగువొస్తుంది," అన్నాడాయన ఒడియాలో.

"తగువు మాటలో లేదు బాబూ, తెలీనోడి బుర్రలో ఉంది."

ఆయన కాగితం మార్చలేదు. ఇల్లు నిలిచిందని వీధంతా సంతోషించింది. అమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. గుమాస్తా మళ్లీ మా వీధికి రాలేదు. తప్పైందని అతను గానీ, కచేరీలో వాళ్లు గానీ ఒక్కరూ అనలేదు.