అక్కను అడగకుండా మైకులో చెప్పిన మాట

చిన్నప్పుడు నా మొదటి ఉపన్యాసం విన్నది మనుషులు కాదు... మా గొర్రెలు. తెలంగాణ వచ్చిన కొత్త. నేను అప్పుడే ఆరో తరగతిలోకి వచ్చాను. గుట్ట కింద బీడులో నన్ను ఒక బండ మీద నిలబెట్టి, మంద అవతల కర్ర పట్టుకుని మా అక్క రేణుక నిలబడేది. "ఇనబడ్తలేదు తమ్మీ... జర గట్టిగ" అని అక్కడి నుంచే చెయ్యి ఊపేది.

సంగతేంటంటే... పిల్లలను బడిలో చేర్పించాలని పంచాయతీ ఆఫీసు ముందు మీటింగ్ పెడుతున్నారు. ఆడపిల్లల చదువు గురించి బడి తరఫున ఒకరు మాట్లాడాలి. మా తెలుగు మేడం వెతికి వెతికి మగపిల్లవాడినైన నన్ను పట్టుకుంది. క్లాసులో అందరికంటే నాది పెద్ద గొంతు... అంతకు మించి నాలో గొప్పేమీ లేదు.

మేడం రోజూ నల్గొండ నుంచి బస్సులో వచ్చేది. బడి వదిలాక నన్ను కూర్చోబెట్టి నేర్పేది. కాగితం చూడొద్దు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడు. ముఖ్యమైన మాట అన్నాక కాసేపు ఆగు... జనం మనసులోకి దిగనివ్వు. అందరినీ చూస్తే భయమేస్తుంది కాబట్టి వెనక వరసలో తెలిసిన ముఖం ఒకటి వెతుక్కుని ఆ ఒక్కరికే చెప్పు. ఇవన్నీ నాకు తొందరగానే వచ్చేశాయి. చివరగా ఇంకో మాట చెప్పింది. పుస్తకంలో ముక్కలు ఎవరూ వినరట... కళ్ళారా చూసిన ఒక మనిషి గురించి చెబితేనే వింటారట.

నేను కళ్ళారా చూసిన మనిషి ఎవరు... మా అక్కే కదా.

అక్క ఏడో తరగతి దాకా చదివింది. అమ్మకు నడుము పట్టేశాక మంద వెంట నాయినకు ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. మా ఇద్దరిలో ఒకరు ఆగాలి. అక్క ఆగిపోయింది, నేను బడికి పోయాను. ఎవరైనా అడిగితే తనకే చదువు అబ్బలేదని నవ్వేసేది. ఊరంతా నమ్మింది. నాయిన కూడా నమ్మాడు... లేదా నమ్మడమే ఆయనకు నయమనిపించిందేమో.

ఒక ఆదివారం సద్ది ఇవ్వడానికి బీడుకు పోతే, తుమ్మచెట్టు కింద నా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అక్క ఏడుస్తోంది. నన్ను చూసి గబగబా ముఖం తుడుచుకుంది. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. వీడు చెప్పడులే అనుకుంది కాబోలు.

బండ మీద నిలబడి నేర్చుకున్నన్ని రోజులూ ఆ ముక్క మాత్రం అక్కకు వినిపించలేదు. మీటింగ్‌లో విని సంబరపడుతుందని దాచిపెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది...

ఆ రోజు అక్క మందను నాయిన తమ్ముడు మా కాకకు అప్పగించి, ఉతికిన డ్రెస్సు వేసుకుని వచ్చింది. వెనక వరసలో నాయిన పక్కన నిలబడింది. నేను మేడం చెప్పినట్టే ఆ ముఖాన్ని వెతుక్కున్నాను. కాగితం చూడలేదు. తొందరపడలేదు.

"మా అక్క సదువుల ఫస్టు. గిప్పుడు గొర్ల కాస్తాంది. సదువు అబ్బక కాదు... చెట్టు కింద నా పుస్తకం పట్టుకొని ఏడుస్తది."

అని ఆగాను. నేర్పినట్టే ఆగాను. ఆ కాసేపట్లో మీటింగ్ మీటింగంతా వెనక్కి తిరిగి అక్కను చూసింది. అక్క చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న నాయిన గురించి ఇక్కడ ఒక వాక్యం రాశాను... ఇప్పుడది లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

చప్పట్లే చప్పట్లు. సర్పంచ్ భుజం తట్టాడు. స్టీలు టిఫిన్ డబ్బా బహుమతిగా ఇచ్చారు. దాన్ని పట్టుకుని ఒక్క ఉరుకున బీడుకు పోయాను. అక్క అప్పటికే మంద దగ్గరికి వచ్చేసింది. డబ్బా వైపు చూడనే లేదు.

"మంచిగనే చెప్పినవ్ రా, అందరు ఇన్నరు. సదువు బంద్ చేసిన అని ఊరందరికి ఎరుకే... ఏడుస్తనని ఎవ్వలకు తెల్వకుండె. నాయినకు గూడ తెల్వకుండె. నన్నొక్క మాట అడుగకపోతివి."

మర్నాడు మేడం మా ఇంటికి వచ్చింది. అక్కను హాస్టల్ ఉన్న బడిలో చేర్పిస్తానని నాయినతో అంది. నాయిన నోరు తెరిచేలోపే అక్క అందుకుంది... తనకే ఇష్టం లేదని, తమ్ముడు ఊరికే కల్పించి చెప్పాడని. నలుగురిలో నాయిన మీద పడిన మాటను అలా తుడిచేసింది. నన్ను అబద్ధాలకోరును చేసినా, నేను చెప్పింది నిజమే అని ఆ పూటైనా నోరు విప్పలేదు. గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను.

మైకులో కాకుండా ఆ ముక్క మేడం చెవిన వేసి ఉంటే అక్క సరేననేదేమో... తలుచుకుంటే ఇప్పటికీ మనసు పీకుతుంది.

ఇప్పుడు షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో చేస్తున్నాను. మాట బాగుంటుందని కొత్తవాళ్ళకు పని చెప్పడానికి పొద్దున్నే మైకు నాకే ఇస్తారు. అలవాటు కొద్దీ వెనక వరసలో ఒక ముఖం వెతుక్కుంటాను. ఆ మైకూ, ఈ జీతమూ అక్కవి కావాల్సినవి అని అనిపించని రోజు లేదు. అక్క యాదగిరిగుట్టలో కొబ్బరికాయల దుకాణం నడుపుతోంది. అక్క చిన్న బిడ్డ ఫోన్ ముందు నిలబడి బెదురు లేకుండా గడగడా మాట్లాడేస్తుంది... ఈ కాలం పిల్లలకు బండా అక్కర్లేదు, గొర్రెలూ అక్కర్లేదు. అవతల నిలబడి ఇనబడ్తలేదు అనే అక్క కూడా అక్కర్లేదు.

మీరు మొదటిసారి మైకు పట్టుకున్న ముచ్చట కింద రాయండి... అందులో మీ ఇంటి మనిషి ఉంటే మాత్రం ముందు వాళ్ళకు చదివి వినిపించండి. నేను ఇది రాసి నిన్న అక్కకు ఫోన్‌లో చదివాను. ఇన్నేళ్ళ తర్వాత అడిగాను, పెట్టమంటావా అని. అంతా విని అంది...

"నేను ఏడ్సిన ముచ్చట ఉండనియ్ తమ్మీ. నాయిన ముచ్చట తీసెయ్."

తీసేశాను.