కార్డు వెనక వైపు

నన్ను చిన్నబుచ్చిన వాళ్లను నేను మరిచిపోను. ఎవరు, ఎక్కడ, ఎవరి ఎదుట ఏ మాట అన్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆ వరసలో ఉన్న ఒక్క మనిషికి మాత్రం రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. ఆయన ఒక ఆస్పత్రి లైబ్రేరియన్.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో విజయవాడలోని ఒక పెద్ద ఆస్పత్రి లైబ్రరీలో నాకు తాత్కాలిక ఉద్యోగం దొరికింది. అప్పటిదాకా ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఆ లైబ్రరీలో గోడంత చెక్క బీరువా ఉండేది. దాని డ్రాయర్ల నిండా కార్డులు. పాముకాటు, పురుగుమందు తాగిన కేసులు, ఎలుకల వల్ల వచ్చే జ్వరం, ఇలా మా వైపు మనుషుల్ని ఆస్పత్రికి తెచ్చే జబ్బుల మీద ఎక్కడెక్కడి డాక్టర్లో రాసిన పరిశోధన పత్రాలకు ఒక్కోదానికి ఒక్కో కార్డు. ఏ పత్రం ఏ కేసుకు పనికొస్తుందో మాత్రం లైబ్రేరియన్ గారి బుర్రలోనే ఉండేది. ఆయన నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు. ఆలోపు ఆ బీరువా మొత్తాన్ని కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మగా మార్చాలి. డ్యూటీ డాక్టరు వచ్చి నొక్కితే కావలసిన పత్రం కనపడాలి. అది కాకపోతే, ఆయన వెళ్లాక రోగి మంచం మీదా డాక్టరు డ్రాయర్ల దగ్గరా ఉంటారు.

పనిలో పెట్టిన ప్రొఫెసర్ గారు నన్ను అందరికీ "మా టైపిస్టమ్మాయి" అని పరిచయం చేశారు. ఒక చెయ్యి ఊడిన కుర్చీ ఇచ్చారు. భవానీపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చి నాలుగు నెలలూ ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

లైబ్రేరియన్ గారు వన్‌టౌన్ నుంచి సైకిల్ మీద వచ్చేవారు. శుక్రవారం నమాజుకి వెళ్లొచ్చే కాసేపు తప్ప సీటు వదిలేవారు కాదు. ఆయనకో రూలుండేది. పత్రం తీసుకెళ్లిన డాక్టరు తిరిగిచ్చేటప్పుడు కార్డు వెనక వైపు రెండు లైన్లు రాయాలి. ఏ కేసు కోసం చదివారు, మన వార్డులో ఏం జరిగింది. రాయకపోతే ఇంకో పత్రం ఇచ్చేవారు కాదు. ప్రొఫెసర్ అయినా సరే. నాకది ముసలాయన చాదస్తంలా కనపడింది. ఆ గజిబిజి రాతలు పక్కన పెట్టి, కార్డుల ముందు వైపు ఉన్నదే ఎక్కించాను. నేనేం చేస్తున్నానో ఆయన రోజూ చూస్తూనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు. అదీ గుర్తుంది.

బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. ఒక్కో పత్రానికి ఒక్కో చుక్క. పాతవి ఎడమకి, కొత్తవి కుడికి. ఒక పత్రం ఇంకోదాన్ని ఆధారం చేసుకుంటే రెంటి మధ్యా గీత. ఎంతమంది ఆధారం చేసుకుంటే చుక్క అంత పెద్దది. మౌసు పెడితే పేరు, నొక్కితే సారాంశం, జబ్బు పేరు ఎంచుకుంటే మిగతావన్నీ వెలిసిపోయేవి. మా నాన్న ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసేవారు. చిన్నప్పుడు ఆయన బల్ల మీద చూసిన కాలవల మ్యాపులాగే ఉంది నా తెర. బ్యారేజీ, పెద్ద కాలవలు, వాటి నుంచి చీలిన పిల్ల కాలవలు.

సెమినార్ హాల్లో, కాలవల మ్యాపు లాంటిదని చెబుతూ అందరికీ చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆఖరి వరసలోంచి లైబ్రేరియన్ గారు లేచారు.

"చాలా బాగుందమ్మా. ఫ్రేము కట్టించి గోడకి తగిలిద్దాం."

హాలంతా నవ్వింది. ప్రొఫెసర్ గారూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నేను చూసుకున్నాను.

నాలుగు రోజుల తరవాత ఒక ఉదయం హౌస్ సర్జన్ అమ్మాయి పరుగున వచ్చింది. ఉయ్యూరు దగ్గర చెరకు కొట్టే కూలీ. తెల్లవారుజాము నుంచి కడుపునొప్పి అంటున్నాడు, ఇప్పుడు కనురెప్పలు ఎత్తలేకపోతున్నాడు. ఒంటి మీద గాటు లేదు. ఇంటివాళ్లు పామునేం చూడలేదంటున్నారు. ఆ అమ్మాయిని నా తెర ముందు కూర్చోబెట్టాను. పాముకాటు ఎంచుకుంది. అన్నిటికన్నా పెద్ద చుక్క నొక్కింది. ఎక్కడిదో ఒక ప్రయోగశాలలో విషాన్ని విడదీసిన సంగతి వచ్చింది. రెండోదీ అలాంటిదే. మూడోదీ అంతే. నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది.

"సార్, గాటు కనపట్లేదు, రెప్పలు వాలిపోతున్నాయండీ," అంది లైబ్రేరియన్ గారితో.

ఆయన అప్పటికే డ్రాయరు లాగారు. ఒక కార్డు తీసి వెనక వైపు పైకి పెట్టి ఇచ్చారు. నిలబడే చదివి, కార్డు బల్ల మీద పెట్టేసి పరిగెత్తింది.

ఆ కార్డు నేను తీసుకున్నాను. ముందు వైపు ఏదో చిన్న పత్రికలో వచ్చిన రెండు పేజీల పత్రం. ఎవరూ ఆధారం చేసుకోలేదు కాబట్టి నా తెర మీద అది ఆవగింజంత చుక్క. వెనక మాత్రం ఖాళీ లేదు. నాలుగైదు చేతిరాతలు, రకరకాల ఇంకులు. ఇంగ్లీషులో గబగబా రాసినవి. నేలమీద పడుకున్న కూలీ, కడుపునొప్పి, గాటు లేదు, కట్లపాము అని ఒకరు. గాటు కనపడలేదని ఆగవద్దు అని ఇంకొకరు. ఇలాంటిదే, విరుగుడు వెంటనే ఎక్కించాం, నడిచి ఇంటికెళ్లాడు అని మరొకరు.

ఆ కూలీకి గొట్టం వేసి కొన్ని రోజులు మిషను మీద ఊపిరి అందించారు. బతికాడు. హౌస్ సర్జన్ అమ్మాయి మళ్లీ వచ్చి కార్డు వెనక మిగిలిన కాస్త చోటులో తన రెండు లైన్లు ఇరికించి వెళ్లింది.

"ముందే చెప్పొచ్చు కదండీ," అన్నాను ఆయనతో.

"కాలవల మ్యాపు గీశావమ్మా, బాగానే గీశావు. చివరి చేలోకి నీళ్లొచ్చాయో లేదో మ్యాపులో ఉండదు. రైతే వెనక్కొచ్చి చెప్పాలి." కళ్లద్దాలు తుడుచుకుని అన్నారు. "అయినా నువ్వు అడిగావా?"

అడగలేదు. కుర్చీ గురించి మూడుసార్లు అడిగాను, కార్డుల గురించి ఒక్కసారీ అడగలేదు.

ఆయన రిటైర్మెంటుకి అయిదు వారాలు మిగిలాయి. మళ్లీ మొదటి డ్రాయరు నుంచి మొదలుపెట్టాం. ఆయన చదివేవారు, నేను ఎక్కించేదాన్ని. ఏ చేతిరాత ఎవరిదో, ఆ డాక్టరు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో కూడా చెప్పేవారు. మధ్యాహ్నాలు తన డబ్బాలో సేమియా నాకు సగం పెట్టేవారు. నేనింత మంది దగ్గర పనిచేశాను, నాకు కూర్చుని చదివి వినిపించింది ఆయనొక్కరే. తెర మీద ఇప్పుడు చుక్క నొక్కితే కార్డు తిరగబడి వెనక వైపు కనపడేది. వెనక ఎన్ని అనుభవాలు రాసి ఉంటే చుక్క అంత పెద్దది. ఆవగింజ గచ్చకాయంత అయింది. మొదట పెద్దగా ఉన్న చుక్కలు చిక్కిపోయాయి. అందం పోయిందన్నారు ప్రొఫెసర్ గారు. హౌస్ సర్జన్లు మాత్రం కంప్యూటర్ దగ్గర వరసలో నిలబడటం మొదలుపెట్టారు.

ఆఖరి రోజు ఆయనకి శాలువా కప్పారు. అందరూ వెళ్లాక, కార్డులన్నీ కంప్యూటర్లోకి చేరాయని సంతకం పెట్టమని కాగితం ఇచ్చాను. పెట్టలేదు. జేబులోంచి ఒక కొత్త కార్డు తీశారు. ముందు వైపు ఆయన గుండ్రటి చేతిరాతలో "పరిశోధన పత్రాల బొమ్మ" అనీ, తయారుచేసిన వారి చోట నా పూర్తి పేరూ ఉన్నాయి. ఆ బిల్డింగులో నా పేరు ఎవరైనా రాయడం అదే మొదటిసారి. కార్డు తిప్పి నా ముందుకు జరిపారు.

"బీరువా మొత్తం పట్టుకెళ్లావు. రూలు రూలే కదా. రెండు లైన్లు రాయి."

పెన్ను తీసుకున్నాను. మొదటి లైను: నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశారు, మరిచిపోలేదు. రెండో లైను: కార్డు తిప్పి చూడటం నేర్పారు, అదీ మరిచిపోను.

ఆయన చదివి, "మొదటిది కాస్త గట్టిగా నొక్కి రాశావమ్మా" అని, నా కాగితం మీద సంతకం పెట్టారు.

ఆ కార్డునీ కంప్యూటర్లోకి ఎక్కించాను. మొదటి లైను తీసెయ్యమని ప్రొఫెసర్ గారు రెండుసార్లు చెప్పారు. తియ్యలేదు.