జయమ్మాళ్ జ్ఞానస్నానం

ముత్తియాల్‌పేటలో జ్ఞానస్నానానికి తెల్లగౌను కావాలంటే జయమ్మాళ్ దగ్గరికే పోవాలి. నలభై ఏళ్ళుగా కుడుతోంది. మెడ దగ్గర మగబిడ్డకు నీలం రిబ్బను, ఆడబిడ్డకు గులాబీ. అందుకే టేపు చేతిలోకి తీసుకుంటూ ఎవరినైనా అడిగేది ఒకటే.

"మొగబిడ్డా, ఆడబిడ్డా?"

ఈసారి ఆమె ఎదుట బిడ్డతో కూర్చున్నది రంజని. కాలేజీలో జీవశాస్త్రం చెప్పే మనిషి. క్రోమోజోముల రిపోర్టు తానే చదువుకుంది. కానీ ఒళ్ళో ఉన్న రెండునెలల బిడ్డ శరీరం పూర్తిగా మగా కాదు, పూర్తిగా ఆడా కాదు అని బయటి మనిషికి చెప్పడం ఇదే మొదటిసారి. బిడ్డ దుప్పటి సర్దుతూ చెప్పేసింది.

"సోమవారం ఆపరేషన్ పెద్దమ్మా. ఆడబిడ్డగా చేస్తారంట. అయినాక గులాబీది కుట్టు."

"ఏం, ఒంటికి పోవడానికి కష్టపడతా ఉందా?"

"లేదు. ఆరోగ్యానికి భయం లేదన్నారు. కానీ చర్చి రిజిస్టర్లో కొడుకో కూతురో రాయకుండా జ్ఞానస్నానం ఎట్లా? ఇంట్లో అందరూ అదే అంటున్నారు."

"తలమీద నీళ్ళు పొయ్యడానికి బిడ్డను కోస్తారా? ఏందమ్మా, చదువుకున్నదానివి!"

జయమ్మాళ్ లేచి తలుపు దగ్గరగా వేసింది.

"నేనూ ఇట్నే పుట్టినా పాపా."

రంజని తేరిపార చూసింది. నెరిసిన ముడి, మెడలో చిన్న శిలువ, వేళ్ళ నిండా సూదిపోట్లు.

"మంత్రసాని మొహం తిప్పుకుందంట. చర్చి ముసలి ఫాదరు సామియార్ మాత్రం పేరు చెప్పండని నీళ్ళు పోసినాడంట. 'నొప్పి ఉంటే వైద్యం చెయ్యండి. ఊరి కండ్ల కోసం కత్తి పెట్టొద్దు. ఎవరని పెద్దయినాక బిడ్డే చెప్తుంది' అన్నాడంట. పద్నాలుగేండ్లకు నేనే చెప్పినా, ఆడదాన్నని. కన్యాస్త్రీగా పోతానంటే మఠంలో తీసుకోలా. మూడు దినాలు ఏడ్చినా. నాలుగోనాడు కుట్టుమిషన్ ముందర కూచున్నా."

పాఠంలో రంజని 'అరుదైన సందర్భాలు' అని ఒక్క వాక్యంలో దాటేసేది. ఆ వాక్యం ఇప్పుడు ఎదురుగా కూర్చుని, పేటలో సగంమంది బిడ్డలకు తొలిగౌను కుట్టిన చేతులతో తన బిడ్డ పాదాన్ని నిమురుతోంది. బిడ్డ రెప్ప వేయకుండా ఆ మొహాన్నే చూస్తోంది. రంజని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇంత పెద్ద సృష్టిని రెండు గళ్ళ పట్టికలో ఎలా ఇమిడ్చింది తను!

ఫోను తీసింది.

"డాక్టర్, సోమవారం ఆపరేషన్ వద్దు. అవును, ఆలోచించే చెప్తున్నా. పరీక్షలకు మాత్రం ప్రతినెలా తెస్తా. మిగతాది బిడ్డనే అడగాలి... ఎప్పుడా? తెలీదు డాక్టర్. ముందు మాటలు రానీండి."