రాజేశం మామ ఏవరేజ్

నిన్న మధ్యాహ్నం జగిత్యాల నుంచి అమ్మ ఫోన్ చేసి, "మామ పోయిండే" అంది.

"ఎక్కడికి?" అన్నాను.

కారు నడిపే మనిషి. ఆయన పోవడం అంటే నాకు ఏదో ఊరికి పోవడమే. తెలంగాణ సమ్మెతో బంకులన్నీ ఖాళీ కదా, పెట్రోల్ ఎక్కడ దొరికిందా అని కూడా అనుకున్నాను.

అవతల అమ్మ ఏడుపు వినిపించింది.

అప్పుడు అర్థమైంది.

రాజేశం మామ మా అమ్మకు తమ్ముడు. కోరుట్లలో కిరాయికి కారు నడిపేవాడు. ఇది చదివే మన ఊరి వాళ్లలో చాలామంది ఆ పాత తెల్ల కారు ఎక్కే ఉంటారు. ఎక్కగానే ఆయన అనే మాట గుర్తుందా? "తలుపు మెల్లగ ఎయ్యుర్రి. తొందరుంటే వేరే బండి చూస్కోర్రి."

నేను సిరిసిల్ల హాస్టల్‌లో ఉన్నాను. సమ్మె వల్ల బస్సులు లేవు. తెలిసినవాళ్లందరినీ అడిగాను, ఎవరి బండిలోనూ పెట్రోల్ లేదు. ఈ ఉదయం కోరుట్లలో అంతా అయిపోయిందట. నేను వెళ్లలేకపోయాను.

అందుకే ఇక్కడ, మన ఊరి గ్రూపులో రాస్తున్నాను.

మామకు ఒకటే పిచ్చి. ఏవరేజ్. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల బండి లీటర్‌కు ఎంతిస్తుందో అడిగేవాడు. ఆ తర్వాతే ఆరోగ్యం.

"దాన్ని మైలేజ్ అంటారు మామా" అని ఒకసారి నా కాన్వెంట్ ఇంగ్లిష్ చూపించాను.

"మైలేజ్ షోరూంల చెప్పేది బిడ్డా. ఏవరేజ్ గీ మన రోడ్డు మీద అచ్చేది."

చెప్పులు విడిచి నడిపేవాడు. పెడల్ ఎంత దిగిందో కాలికి తెలియాలట. ట్యాంక్ నింపించేటప్పుడు లోపల గాలి మిగలకుండా కారును రెండు చేతులతో పట్టుకుని ఊపేవాడు. లోపల కూర్చున్న నేను సిగ్గుతో పుస్తకంలో తల దూర్చేదాన్ని.

మొన్న ర్యాలీకి అందరూ బండ్ల మీద జెండాలు కట్టారు. మామ మాత్రం జెండాను కారు లోపల, వెనక అద్దానికి కట్టాడు.

"ఏందే రాజేశం, తెలంగాణ మీద ప్రేమ లేదా?" అని అడిగారట.

"ప్రేమ లోపటనే ఉంటది. బయట కడ్తె గాలికి అడ్డం పడ్తది, ఏవరేజ్ పడిపోతది."

ఆయన స్నేహితుడు గంగారాం కాక. జీపు నడుపుతాడు. మామకు పూర్తిగా వ్యతిరేకం. కాలు పెడితే పెడల్ నేలకు ఆనాల్సిందే.

ఒకసారి మామ ఆ జీపు తీసుకుని ధర్మపురి వెళ్లొచ్చాడు. జీపు ఎప్పుడూ ఇవ్వనంత ఏవరేజ్ ఇచ్చింది. "నా బండి నాకే ఎదురు తిరిగింది" అని గంగారాం కాక వారం రోజులు అలిగాడు.

నన్ను కాలేజీలో చేర్పించడానికి సిరిసిల్ల వచ్చిన రోజు ఇద్దరూ పందెం కట్టారు. మామ కారే. వచ్చేటప్పుడు మామ నడపాలి, హాస్టల్ ఇంకా తెరవలేదని ముగ్గురం తిరిగి వెళ్లేటప్పుడు కాక. ప్రతి చోటా ఫుల్ ట్యాంక్. లెక్క నాది.

మామ నడిపినంతసేపూ కాక గొణుగుతూనే ఉన్నాడు. "ఓ రాజేశం, బర్రెలు గూడ మనల్ని ఓవర్‌టేక్ చేస్తున్నయ్."

కాక నడిపినంతసేపూ మామ గుండె పట్టుకుని కూర్చున్నాడు. బ్రేక్ పడ్డప్పుడల్లా "పాయె, చుక్క పాయె" అంటూ.

అదే కారు, అదే రోడ్డు. మామ కాలికి లీటర్‌కు పద్దెనిమిది. కాక కాలికి పదమూడు.

కాక ఓడిపోయానని ఒప్పుకోలేదు. "నువ్వు పెట్రోల్ మిగిలిచ్చినవ్. నేను పొద్దు మిగిలిచ్చిన" అన్నాడు.

చాలా నవ్వుకున్నాం.

బంకులు ఎండినప్పటి నుంచి మామ కిరాయిలు మానేశాడు. ట్యాంకులో ఉన్న కాస్త పెట్రోల్ ఎవరికైనా ఆస్పత్రి అవసరం పడితే ఉండాలని. ఎంతమంది బతిమాలినా తీయలేదు.

ఆ అవసరం ఆయనకే పడింది.

నిన్న చాయ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడట. జీపులో చుక్క డీజిల్ లేదు. గంగారాం కాక మామను ఆయన కారులోనే పడుకోబెట్టి జగిత్యాల బయలుదేరాడు.

సాయంత్రం కాక నాకు ఫోన్ చేశాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఎనక సీట్ల పండుకొని గూడ ఒక్కటే మాట బిడ్డా. మెల్లగ తొక్కు గంగారాం, ఉరికిస్తె జగిత్యాల దాంక రాదు, నడ్మల ఆగుతది అని. నాకు గూడ గదే భయం. ఆగితె ఆ రోడ్డు మీద ఇంకో బండి లేదు. చెప్పులిడ్సిన. ఆయన తీరుగనే నడిపిన. ధర్నాల కూసున్నోల్లు గూడ లేసి తొవ్వ ఇచ్చిండ్రు. బండి యాడ ఆగలే."

ఆస్పత్రి దగ్గర ఏమైందని అడిగాను.

"డాక్టర్ కారు కాడికే అచ్చి చూసి, లేడన్నడు. తర్వాత నేను బండి పట్టుకొని ఊపిన బిడ్డా. లోపట గలగల అన్నది. పెట్రోల్ మిగిలింది. పొద్దే మిగల్లే."

ఫోన్ పెట్టేశాడు.

నిన్నటి నుంచి నా తలలో అదే లెక్క తిరుగుతోంది. పదమూడుతో వెళ్లి ఉంటే సమయానికి చేరేవాళ్లా? దారిలో ఆగిపోయేవాళ్లా? ట్యాంకులో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. భాగహారం వచ్చి ఏం లాభం?

కాకా, నువ్వు ఇది చదవవని తెలుసు. ఎవరైనా చదివి వినిపించండి. ఆయన మాటే విన్నావు. అంతే.

ఆ కారు ఇంకా ఆస్పత్రి ముందే ఉందట. అద్దం లోపల జెండా అలాగే ఉందట.

మెల్లగా పో మామా. ఇక ఏ తొందరా లేదు.

నీ వట్టి కాళ్లకు, నీ గుండెకు ఇప్పుడైనా నెమ్మది దొరకాలి.