ఎర్రదారం చుట్టిన బాణం

బాణాలాయన పొద్దున్నే కుంపటి ముందు కూర్చుంటాడు. నీడన ఏడాదిపాటు ఆరిన సన్నవెదురు పుల్లను సెగ మీద తిప్పి, మెత్తబడ్డ కణుపును బొటనవేలితో నొక్కి, ఒక కన్ను మూసి పుల్ల పొడవునా చూస్తాడు. ఏ వంకరా ఆ కంటిని దాటిపోదని ఆయనకు మహా ధీమా. పక్కనే తమ్ముడు పనిచేస్తుంటాడు. ఈకల మొదట్లో అన్న ఎర్రదారం చుడతాడు, తమ్ముడు పచ్చదారం. ఆ ఏర్పాటు అన్నదే. తమ్ముడి తప్పులు తన నెత్తిన పడకూడదు కదా!

ఒకనాడు విలువిద్య నేర్పే టీచరమ్మ ఒక బాణం పట్టుకొచ్చింది. "ఇది ఎన్నిసార్లు వేసినా ఎడమకే పోతోందండీ." ఆయన తలైనా ఎత్తలేదు. "మావాడిదై ఉంటుందమ్మా. పచ్చిపుల్ల సాపు చేస్తే మళ్లీ వంగుతుందని ముప్పై ఏళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నా. వింటేగా!" తమ్ముడు లేచి బాణం అందుకున్నాడు. ఒక్క క్షణం చూసి, ఈకల మొదలును గుప్పిట్లో మూసేశాడు. "నాదేనండీ. రేపటికి వేరేది చేసిస్తాను." ఆమె వెళ్లాక దాన్ని విరిచి కుంపట్లో వెయ్యబోతుంటే గుప్పిట విడింది. ఎర్రదారం! మొన్నటి ముసురులో "ఇంకా ఆరలేదన్నయ్యా" అని తమ్ముడంటే, "నాకు చెప్పొచ్చావా?" అని తను కసిరి మరీ సాపు చేసిన పుల్ల. "ఒరేయ్..." అన్నాడు అన్న. తల దించుకుని, చేతిలోని పుల్లను సెగ మీద తిప్పుతూనే ఉన్నాడు.

"అన్నయ్యా, మాడిపోతోంది" అన్నాడు తమ్ముడు, ఎప్పటిలాగే మెల్లగా.